మెదడు రక్తనాళాల సమస్య, పుర్రె అడుగున కణితి: న్యూరోసర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి?

‘మెదడులో నరం చిట్లింది’ అని మన దగ్గర అంటుంటారు. నిజానికి చిట్లేది నరం కాదు, రక్తనాళం. ఈ తేడా తెలియక ‘మంచి నరాల డాక్టర్ ఎవరు?’ అని వెతకడం మొదలుపెడతాం. మందులతో వైద్యం చేసే న్యూరాలజిస్టునూ, పుర్రె తెరిచి ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్‌నూ, తొడ లేదా మణికట్టు దగ్గరి రక్తనాళం గుండా మెదడు దాకా సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ నిపుణుడినీ ఒకే గాటన కట్టేస్తాం. రక్తనాళాల జబ్బుల్లో ఈ ముగ్గురి అవసరమూ ఉండొచ్చు. పుర్రె అడుగు భాగంలో వచ్చే కణితులకైతే ఈఎన్‌టీ సర్జన్, హార్మోన్ల డాక్టర్ కూడా తోడవుతారు.

ఫలానా సర్జన్ ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, ఎంతమంది కోలుకున్నారు అని మీరు ఫోన్‌లో చూసుకోగలిగే ప్రభుత్వ జాబితా మన దేశంలో లేదు. అందుకే చుట్టాల సలహాలు, గూగుల్ రేటింగులు, యూట్యూబ్ ఇంటర్వ్యూల మీద ఆధారపడాల్సి వస్తోంది. వాటికంటే మెరుగైన దారులు ఉన్నాయి. అయితే ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి.

మీకు ఉన్నది గంటలా, వారాలా?

మెదడు రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. అది పగిలితే జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా, నిమిషంలోపే తారస్థాయికి చేరుతుంది. వాంతులు, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం, ఫిట్స్ రావొచ్చు. ఒక కన్ను రెప్ప ఉన్నట్టుండి వాలిపోయి, ఆ కంటిపాప పెద్దదైతే అదీ అత్యవసరమే. ‘గ్యాస్ పట్టింది’, ‘మైగ్రేన్ అయి ఉంటుంది’ అని మాత్ర వేసుకుని పడుకుంటే పోయేది విలువైన సమయం.

ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. రెండోసారి రక్తస్రావమైతే బతికే అవకాశాలు బాగా తగ్గిపోతాయి. కాబట్టి వీలైతే 24 గంటల్లోపే బుడగను మూసేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఈ స్థితిలో మీరు ఎంచుకోవాల్సింది డాక్టర్‌ను కాదు, ఆసుపత్రిని. పేరున్న సర్జన్ విదేశాల నుంచి ఎల్లుండి వస్తారని ఎదురుచూడటం కంటే, ఈ రాత్రికే పని మొదలుపెట్టగల బృందం మేలు.

దీనికి ఒక కొలమానం కూడా ఉంది. ఇలాంటి కేసులు ఏడాదికి 10 కూడా రాని ఆసుపత్రులు రోగిని 35కు పైగా కేసులు చూసే పెద్ద కేంద్రానికి త్వరగా పంపాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012 మార్గదర్శకాల్లో సూచించింది. మన దగ్గర ఈ అంకెలు బోర్డు మీద రాసి ఉండవు. అయినా అంబులెన్స్ ఎక్కించే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి అడగొచ్చు. సీటీ యాంజియోగ్రామ్ ఇప్పుడే తీస్తారా? కాయిలింగ్ చేసే క్యాథ్‌ల్యాబ్, నిపుణుడు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంటారా? పుర్రె తెరవాల్సి వస్తే సర్జన్ ఉన్నారా? న్యూరో ఐసీయూలో బెడ్ ఖాళీ ఉందా? వీటిలో రెండింటికి ‘లేదు’ అని సమాధానం వస్తే వేరే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎక్కడికి తీసుకెళ్లాలో అంబులెన్స్ డ్రైవర్ నిర్ణయించే పరిస్థితి రాకుండా చూసుకోండి.

ఆపరేషన్‌తో ఈ జబ్బు ముగియదు. రక్తస్రావమైన మూడో రోజు నుంచి సుమారు రెండు వారాల దాకా మెదడు రక్తనాళాలు కుంచించుకుపోయే ప్రమాదం ఉంటుంది. దాని వల్ల వచ్చే నష్టాన్ని తగ్గించడానికి నిమోడిపిన్ మందును 21 రోజులు ఇస్తారు. తలలో నీరు చేరితే గొట్టం పెట్టి తీయాలి. ఇదంతా కనిపెట్టి ఉండేది ఐసీయూ నర్సులు, డ్యూటీ డాక్టర్లు. ‘ఆ డాక్టర్ హస్తవాసి మంచిది’ అనేది మనకు అలవాటైన మాట. ఈ జబ్బులో మాత్రం ఆ హస్తవాసి ఒక్క మనిషి చేతిలో ఉండదు.

స్కాన్‌లో అనుకోకుండా కనబడితే?

వేరే దేనికో ఎంఆర్‌ఐ తీయిస్తే ఎన్యూరిజం బయటపడుతుంది. పెద్దవాళ్లలో ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి ఇలాంటిది ఉంటుందని అంచనా. చాలావరకు అవి జీవితాంతం పగలవు. రిపోర్టులో ఆ పదం చూడగానే ‘తలలో టైంబాంబ్ ఉంది’ అని భయపెట్టి మరుసటి రోజే అడ్మిట్ కమ్మనే డాక్టర్ దగ్గర కాస్త ఆగండి. ఇక్కడ మీకు సాధారణంగా వారాల వ్యవధి ఉంటుంది. అయితే కొత్తగా రెప్ప వాలినా, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి వచ్చినా ఆ వ్యవధి ఉన్నట్టు కాదు.

పగిలే ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో, గతంలో రక్తస్రావం లేనివారిని గమనించారు. మెదడు ముందువైపు రక్తనాళాల్లో 7 మిల్లీమీటర్లకంటే చిన్న బుడగ ఉన్నవారిలో అయిదేళ్లలో ఒక్కటీ పగల్లేదు. అదే పరిమాణం మెదడు వెనుకవైపు నాళాల్లో ఉన్నప్పుడు పగిలినవి 2.5 శాతం. 25 మిల్లీమీటర్లు, అంతకుమించిన పెద్ద బుడగల్లో ఈ శాతం ముందువైపు 40, వెనుకవైపు 50. ఈ అంకెలే తుది మాట కావు, చిన్నవి కూడా పగిలిన సందర్భాలు న్యూరోసర్జన్లందరికీ తెలుసు. వయసు, బీపీ, బుడగ ఆకారం, ఎక్కడుంది, గతంలో రక్తస్రావమైందా అనేవి లెక్కలోకి వస్తాయి. పొగతాగే అలవాటు, కుటుంబంలో ఇద్దరు దగ్గరి రక్తసంబంధీకులకు ఇదే జబ్బు ఉండటం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

అందువల్ల మంచి సర్జన్‌ను గుర్తించడానికి మీరు అడగాల్సిన తొలి ప్రశ్న ‘ఎలా చేస్తారు?’ కాదు. ‘చేయకుండా వదిలేస్తే నా విషయంలో ఏమవుతుంది?’ అని అడగండి. దానికి మీ వయసును, మీ స్కాన్‌ను చూపిస్తూ జవాబు చెప్పగలిగితే మీరు సరైన గదిలో ఉన్నట్టే. బీపీ అదుపులో పెట్టి, సిగరెట్ మాన్పించి, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ స్కాన్ తీద్దామని చెప్పడం చేతకానితనం కాదు. ఫీజు వదులుకుని ఆ మాట చెప్పిన డాక్టర్ మీద నాకు గౌరవం ఎక్కువ.

క్లిప్పా, కాయిలా?

చికిత్స అవసరమైతే రెండు ప్రధాన మార్గాలున్నాయి. పుర్రె తెరిచి బుడగ మెడకు చిన్న లోహపు క్లిప్ బిగించడం ఒకటి. గొట్టం ద్వారా వెళ్లి బుడగలో సన్నటి లోహపు తీగ చుట్టలు నింపడం రెండోది, అదే కాయిలింగ్. వెడల్పాటి మెడ ఉన్న వాటికి స్టెంట్, ఫ్లో డైవర్టర్ లాంటివీ వాడతారు.

పగిలిన ఎన్యూరిజాల మీద జరిగిన ఐశాట్ అనే పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. 2,143 మంది పాల్గొన్న ఆ పరిశోధనలో ఏడాది తర్వాత మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవారు కాయిలింగ్ వర్గంలో సుమారు 24 శాతం, క్లిప్పింగ్ వర్గంలో సుమారు 31 శాతం. అయితే రెండు పద్ధతులూ సరిపోతాయని ముందే తేలినవారినే అందులో చేర్చుకున్నారు. కాయిల్ వేసినవారిలో మళ్లీ చికిత్స అవసరమైన సందర్భాలు ఎక్కువ. మెదడు పక్క భాగానికి వెళ్లే మిడిల్ సెరెబ్రల్ నాళంలోని బుడగలకు ఇప్పటికీ చాలాచోట్ల క్లిప్ వైపే మొగ్గుతారు. రక్తం పెద్దగా గడ్డకట్టి మెదడును నొక్కుతుంటే ఎలాగూ పుర్రె తెరవాల్సిందే.

ఏది మేలో చెప్పే డాక్టర్‌కు రెండూ అందుబాటులో ఉండాలన్నదే ఇందులోంచి మనకు పనికొచ్చే సంగతి. ఒక్కరే రెండూ చేయనక్కర్లేదు, కానీ రెండూ చేసేవాళ్లు ఒకే ఆసుపత్రిలో కూర్చుని మీ స్కాన్ చూడాలి. ఒక పద్ధతే ఉన్న చోట సలహా కూడా ఆ పద్ధతి వైపే మొగ్గడం సహజం. స్టెంట్ లేదా ఫ్లో డైవర్టర్ వేస్తామంటే ఇంకో మాట అడగండి. రక్తం పలచబరిచే రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడాలి, చెప్పకుండా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. త్వరలో వేరే ఆపరేషన్ ఉన్నా, కడుపులో అల్సర్ ఉన్నా ఈ సంగతి ముందే చెప్పాలి.

ధమనులు, సిరలు చిక్కుముడిగా కలిసిపోయే ఏవీఎం అనే సమస్య మరింత జటిలం. దాన్ని 1 నుంచి 5 గ్రేడులుగా విభజిస్తారు. పరిమాణం, మాట, కదలిక లాంటి పనులు చూసే భాగంలో ఉందా, రక్తం లోపలి సిరల్లోకి వెళ్తోందా అన్నవి చూస్తారు. మీ డాక్టర్ గ్రేడ్ చెప్పకుండా ఆపరేషన్ గురించి మాట్లాడితే గ్రేడ్ ఎంత అని అడగండి. గామా నైఫ్ లాంటి రేడియేషన్ చికిత్సలో అది మూసుకుపోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఆ లోగా రక్తస్రావం ప్రమాదం ఉంటూనే ఉంటుంది. పగలని ఏవీఎంల విషయంలో చికిత్సకంటే మందులతో గమనించడమే మెరుగని 2014లో వచ్చిన అరూబా పరిశోధన చెప్పింది. ఆ పరిశోధన తీరు మీద నిపుణుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. ఇంత వాదన ఉన్నచోట రెండో అభిప్రాయం తప్పనిసరి.

పుర్రె అడుగున కణితి అయితే

మెదడు ఆనుకుని ఉండే పుర్రె అడుగు భాగాన్ని స్కల్ బేస్ అంటారు. చూపు, వినికిడి, మింగడం, ముఖ కదలికలను నడిపే నరాలూ, మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలూ అక్కడి సన్నటి రంధ్రాల గుండానే వెళ్తాయి. ఇక్కడి కణితుల్లో చాలావరకు క్యాన్సర్ కావు. ప్రాణం దక్కినా ముఖం ఒకవైపు వాలిపోవడం, చూపు పోవడం, మింగలేకపోవడం వంటివి మిగిలిపోవచ్చు. అందుకే ఇక్కడ ‘మొత్తం తీసేస్తాం’ అన్న హామీని మెచ్చుకోవడానికి తొందరపడకండి. నరానికి అతుక్కున్న కొంత ముక్కను వదిలేసి, తర్వాత రేడియేషన్ ఇవ్వడం తెలివైన నిర్ణయం కావచ్చు.

పిట్యూటరీ గ్రంథి కణితి తీసుకోండి. దానిలో ప్రొలాక్టిన్ హార్మోన్ ఎక్కువగా తయారుచేసే రకానికి సాధారణంగా మొదటి చికిత్స ఆపరేషన్ కాదు, క్యాబర్గోలిన్ మాత్రలు. పెద్ద కణితులు కూడా వీటితో కుంచించుకుపోతాయి. కాబట్టి హార్మోన్ల రక్తపరీక్షలు చేయించకుండా, ఎండోక్రైనాలజిస్టుకు చూపించకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే ఆ పరీక్షలు అయ్యాకే తేదీ పెట్టమని అడగండి. చూపు హఠాత్తుగా పడిపోతున్న అత్యవసర స్థితి దీనికి మినహాయింపు. అప్పుడు కూడా ఆ రక్తపరీక్షలు కొన్ని గంటల్లో అయిపోతాయి.

ఆపరేషన్ అవసరమైతే చాలావరకు ముక్కు గుండా ఎండోస్కోప్‌తో చేస్తారు. ఈఎన్‌టీ సర్జన్, న్యూరోసర్జన్ కలిసి చేసే బృందాలు ఉన్నాయి. ముక్కులోంచి మెదడు చుట్టూ ఉండే నీరు కారితే మెనింజైటిస్ వచ్చే ప్రమాదం ఉంది కనుక, ‘మీ దగ్గర అలా నీరు కారిన కేసులు ఎన్ని? మళ్లీ మూయాల్సి వచ్చినవి ఎన్ని?’ అని అడగడంలో తప్పు లేదు.

వినికిడి నరం పక్కన వచ్చే అకౌస్టిక్ న్యూరోమాకు మూడు దారులు. చిన్నదైతే ఎంఆర్‌ఐలతో గమనించడం, గామా నైఫ్ తరహా రేడియేషన్, లేదా ఆపరేషన్. ఆపరేషన్ అయితే ముఖ నరాన్ని కాపాడటానికి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ నరం పనితీరును గమనించే యంత్రం, దాన్ని చూసే మనిషి ఉంటారా అని అడగాలి. చెవిలో హోరు, ఒక చెవి వినికిడి తగ్గడంతో మొదలయ్యే జబ్బు ఇది. ఎదురుగా మాట్లాడేవాళ్లు కుడివైపు కూర్చోవాలా, ఎడమవైపా అనేదాకా బతుకు మారిపోతుంది. డాక్టర్ మీ వినికిడి ఎంత మిగిలిందో చూసి, దాన్ని కాపాడే మార్గం ఉందో లేదో చెప్పాలి.

పేరు వెనుక ఏముందో చూడండి

న్యూరోసర్జన్‌కు ఉండాల్సిన ప్రధాన అర్హత న్యూరోసర్జరీలో ఎంసీహెచ్, లేదా డీఎన్‌బీ. దీన్ని ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. ఎంఎస్ తర్వాత మూడేళ్లు, లేదా ఎంబీబీఎస్ తర్వాత నేరుగా అయిదారేళ్లు చదివితే వస్తుంది. డాక్టర్ పేరును నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లో వెతకొచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద ఉండే రిజిస్ట్రేషన్ నంబరుతో సరిచూసుకోండి. అదనపు డిగ్రీలు రిజిస్టర్‌లో ఆలస్యంగా ఎక్కడం కూడా జరుగుతుంది కాబట్టి కనబడనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, అడిగి తెలుసుకోండి.

డిగ్రీ కేవలం గేటు దాటడానికే. వెన్నెముక ఆపరేషన్లు వందల్లో చేసిన గొప్ప సర్జన్‌కు ఎన్యూరిజం క్లిప్పింగ్ అలవాటు లేకపోవచ్చు. రక్తనాళాలు, స్కల్ బేస్ నైపుణ్యం చాలామందికి ఎంసీహెచ్ తర్వాత ఫెలోషిప్‌లో, పెద్ద కేంద్రాల్లో ఏళ్ల పనిలో వస్తుంది. అందుకే ‘మీ అనుభవం ఎన్నేళ్లు?’ అన్న ప్రశ్న పెద్దగా పనిచేయదు. ‘నాకున్నలాంటి కేసులు గత ఏడాది మీ బృందం ఎన్ని చేసింది? అందులో పక్షవాతం, మరణం ఎన్ని? ఆపరేషన్ మొత్తం మీరే చేస్తారా?’ అని అడగండి. కచ్చితమైన అంకె చెప్పకపోయినా ఫర్వాలేదు. ప్రశ్నకు విసుక్కుంటున్నారా, కాగితం మీద బొమ్మ గీసి చెబుతున్నారా అన్నది చూడండి. ‘నూటికి నూరు శాతం సక్సెస్’ అన్నవాళ్ల దగ్గర మాత్రం లేచి వచ్చేయొచ్చు. మెదడు రక్తనాళాల మీద తరచూ పనిచేసే ఎవరికైనా చెడు ఫలితాలు కొన్ని ఉండి తీరతాయి.

గూగుల్‌లో అయిదు నక్షత్రాలు రిసెప్షన్ మర్యాదకు, పార్కింగ్‌కు కూడా పడతాయి. అంతకంటే మీ న్యూరాలజిస్టునో, తెలిసిన మత్తు డాక్టర్‌నో ‘మీ అమ్మగారికైతే ఎవరి దగ్గరకు పంపుతారు?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. మత్తు డాక్టర్లు ఆపరేషన్ థియేటర్లో అందరి చేతులూ చూస్తారు.

రెండో అభిప్రాయం, రికార్డులు

ఆపరేషన్‌కు ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కుగా జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. రికార్డులు అడిగితే 72 గంటల్లోపు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది. లిఖితపూర్వకంగా అడగండి. ఫిల్మును కిటికీ దగ్గర పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఎన్యూరిజం మెడ ఎంత వెడల్పో ఎవరూ చెప్పలేరు. స్కాన్ సెంటర్ నుంచి మొత్తం చిత్రాలున్న సీడీ లేదా లింక్ తీసుకోండి.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. క్లిష్టమైన కేసులకు బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర పేరున్న కేంద్రాలు. అక్కడ వేచి ఉండాల్సి రావొచ్చు కాబట్టి ఆగగలిగే జబ్బుకే ఆ దారి.

ఖర్చు సంగతి

కాయిల్స్, ఫ్లో డైవర్టర్లు చాలా ఖరీదైనవి, ఎన్ని పడతాయో కూడా ముందే కచ్చితంగా చెప్పలేరు. ఎస్టిమేట్‌లో పరికరాల ఖర్చు విడిగా రాయించుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అంటే మీ ఆపరేషన్‌కు 10 లక్షలు ఇస్తారని కాదు. ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ ధర ఉంటుంది, మీ డాక్టర్ చెప్పిన పద్ధతి ఆ జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అన్నది ముఖ్యం. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. వేరే రాష్ట్రానికి వెళ్లాల్సి వస్తే ఆయుష్మాన్ భారత్ కార్డు అక్కడి నమోదిత ఆసుపత్రుల్లో పనికొస్తుంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇది వర్తిస్తోంది. ప్రైవేట్ బీమా ఉంటే, అడ్మిషన్‌కు ముందే పరికరాల మీద పరిమితి ఉందేమో రాతపూర్వకంగా అడగండి.

సంతకం పెట్టేముందు

జబ్బు ఏమిటి, ఏం చేయబోతున్నారు, వేరే మార్గాలేమిటి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పాకే అంగీకారం తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పరీక్ష కోసం ఇచ్చిన సంతకం ఆపరేషన్‌కు చెల్లదనీ ఆ తీర్పులో ఉంది. పత్రం ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చదివి వినిపించమనండి. రోగి స్పృహలో ఉంటే సంతకం రోగిదే, వివరించాల్సింది కూడా రోగికే. ‘పెద్దాయనకు చెబితే భయపడతారు’ అని కొడుకులు గది బయట మాట్లాడుకుని నిర్ణయించడం మన ఇళ్లలో మామూలే కానీ, ముఖం వాలిపోయే ప్రమాదాన్ని భరించాలా వద్దా అన్నది ఆ ముఖం ఎవరిదో వాళ్లు చెప్పాల్సిన మాట.

డిశ్చార్జి రోజున మూడు కాగితాలు తప్పకుండా తీసుకోండి. ఆపరేషన్ నోట్స్, శరీరంలో పెట్టిన క్లిప్ లేదా కాయిల్ వివరాలున్న కార్డు, తర్వాతి స్కాన్ తేదీ. ఆ కార్డు లేకపోతే రేపు వేరే ఊళ్లో ఎంఆర్‌ఐ తీయడానికి టెక్నీషియన్ ఒప్పుకోకపోవచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పటిదాకా వాడాలో అదే రోజు రాయించుకుని, పళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లినా సరే ఆ చీటీ చూపించండి.